‘ఎందుకు’ అని అడిగిన పక్కింటి ఆంటీ

మా పక్కింటి ఆంటీ పోయారు. ఆఫీసుకు వెళ్తూ ట్రైన్‌లో ఉండగా మలయా వైపు ఈపో ఊరి నుంచి ఆవిడ చెల్లెలు ఫోన్ చేసి, “అక్క ఎలిపోనాదమ్మా” అన్నారు. ఫోన్ చెవి దగ్గర అలాగే పట్టుకుని, దిగవలసిన స్టేషన్ దాటి చాలా దూరం వెళ్ళిపోయాను.

పక్కింటి ఆంటీ అని ఇప్పటికీ అలవాటుగా అంటున్నాను. మేము బుకిట్ బటోక్‌లో ఆ ఫ్లాట్ వదిలి యూ టీ అనే పేటకి వచ్చేసి చాలా ఏళ్ళయింది. మర్నాడు పేపర్లో చిన్న ఫొటోతో ప్రకటన వచ్చింది. ఎవరి కూతురో, ఎవరికి అక్కో, ఎవరికి పెద్దమ్మో ఉంది. చేసిన ఉద్యోగం మాట లేదు. ఉండదని నాకు తెలుసు.

ఆవిడ ఇక్కడి ప్రభుత్వ నిఘా విభాగం ఒకదానికి ముఖ్య న్యాయ సలహాదారుగా పనిచేశారు. ఆ విభాగం పేరు నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. లోపల ఆవిడ ఏం చేశారో నాకు తెలియదు. ఆ కుర్చీలోకి ఎలా వెళ్ళారో మాత్రం కొంత తెలుసు, ఎందుకంటే ఆ రోజుల్లో మా రెండిళ్ళకీ మధ్య ఒక గోడే ఉండేది. “చూసింది చెప్పు. అనుకున్నది చెప్పకు” అని ఆవిడ తరచూ అనేవారు. అందుకని నేను చూసినదీ, నా చెవిన పడినదీ మాత్రమే మీకు చెప్తాను. కొన్ని ఎందుకు జరిగాయో నాకు ఇప్పటికీ తెలియదు.

అవి కంప్యూటర్ల వాళ్ళని విమానాల్లో దించుతున్న రోజులు. కొత్త శతాబ్దం రాగానే మెషీన్లన్నీ ఆగిపోతాయన్న భయంతో ఇక్కడి బ్యాంకులు మనవాళ్ళని ఎంతమందినైనా తీసుకునేవి. మా ఆయన అలా వచ్చారు. ఆయన వెనక నేను, ఎం.సి.ఏ. సర్టిఫికెట్లు పెట్టెలో పెట్టుకుని, ఉద్యోగం చేయడానికి వీల్లేని పాసు మీద వచ్చాను. పగలంతా ఇంట్లో ఒక్కదాన్నే. మా బ్లాకు వెనక కొండ, కొండ పక్కన పాత క్వారీ. మలయ్ భాషలో బటోక్ అంటే దగ్గు. రాళ్ళు పేలుస్తున్న కాలంలో కొండ దగ్గినట్టు వినిపించేదట. క్వారీ మూసేశారు, గొయ్యి నిండా నీళ్ళు చేరి చెరువైంది. అయినా కొన్ని మధ్యాహ్నాలు ఆ వైపు నుంచి దగ్గు వినిపిస్తూనే ఉంటుందని మా అంతస్తులోని ముసలివాళ్ళు చెప్పుకునేవారు. నవ్వేదాన్ని. తర్వాత నవ్వడం మానేశాను.

వచ్చిన కొత్తలో ఒకరోజు కారిడార్‌లో నిలబడి ఫోన్ కార్డు గీకి పార్వతీపురంలో మా అమ్మతో మాట్లాడుతున్నాను. పక్క తలుపు తెరుచుకుంది. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒకావిడ, ఆఫీసు బట్టల్లో, నా మాట అయ్యేదాకా ఆగి, “ఏటే గుంటా, ఏ ఊరు మీది?” అన్నారు. పరాయి దేశంలో, మా వైపు ఆడపిల్లల్ని పిలిచే ఆ ‘గుంటా’ అన్న పిలుపు వినేసరికి నాకు ఏడుపొచ్చింది. ఆవిడ తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటలకు వలస వెళ్ళిన కుటుంబం. చదువుకోసం మలయా నుంచి ఈ దీవికి దిగి, లా చదివి, ప్రభుత్వ లాయరుగా స్థిరపడ్డారు. పెళ్ళి చేసుకోలేదు. మా ముత్తవ్వ కాలం నాటి తెలుగులో మలయ్ మాటలు కలిసి వచ్చేవి. “మకాన్ అయిందా? అవకపోతే లోపలికి రా, అయితే కూడా రా.” మకాన్ అంటే భోజనం.

ఇంట్లో ఆవిడా, వాళ్ళమ్మగారూ ఉండేవారు. నేను మామ్మ అనేదాన్ని. మామ్మకు అప్పటికే మతి ఒకచోట నిలిచేది కాదు. పనిమనిషి మధ్యాహ్నం వండి వెళ్ళిపోయాక, ఆంటీ ఆఫీసు నుంచి వచ్చేదాకా నేను వెళ్ళి కూర్చునేదాన్ని. ఆ ఇంటి గుమ్మం బయట ఎప్పుడూ ఒక జత మగవాళ్ళ తోలు చెప్పులుండేవి. ఆడవాళ్ళు ఒంటరిగా ఉన్నప్పుడు దొంగల భయానికి అలా పెట్టుకోవడం మా వైపూ ఉంది కాబట్టి నేను అడగలేదు.

ఆ ఏడు సుమత్రాలో అడవులు తగలబడి, ఆ పొగ మా మీదికి వచ్చింది. మధ్యాహ్నం కూడా సూర్యుడు నారింజపండులా వేలాడేవాడు. ఎదుటి బ్లాకు కనిపించేది కాదు, అందులో ఎవరో దగ్గడం మాత్రం వినిపించేది. అలాంటి ఒక మధ్యాహ్నం మా తలుపు తట్టారు. నలభైలోపు చైనీస్ ఆయన, తెల్లచొక్కా, చాలా మర్యాదస్తుడు. చూపించిన కార్డు మీద ముద్ర కనిపించింది గానీ పేరు చదివేలోపే జేబులోకి వెళ్ళిపోయింది. వద్దన్నా బూట్లు విప్పి లోపలికి వచ్చి కూర్చున్నాడు.

పక్కింటావిడ గురించి మామూలు సంగతులే అడిగాడు. ఎవరొస్తారు, ఎప్పుడొస్తారు, గొడవలేమైనా ఉన్నాయా? తర్వాత అదే గొంతుతో, “ఒంటరిగా ఉన్నప్పుడు ఆవిడ తనలో తాను ఏ భాషలో మాట్లాడుకుంటారు?” అన్నాడు.

“నేనెప్పుడూ వినలేదు” అన్నాను.

“తెలుగులోనే” అన్నాడతను, నాకు చెప్తున్నట్టు. “గుమ్మం దగ్గర ఆ చెప్పులు ఎవరివి?”

దొంగల భయం సంగతి చెప్పాను. “దొంగల కోసం పెట్టిన చెప్పులకి ఎవరూ వారం వారం నూనె రాయరు కదా” అన్నాడు.

మా పాసు ఏమవుతుందో, మా ఆయన ఉద్యోగం ఏమవుతుందో అని లోపల గుబులు. అయినా తెలిసింది చెప్పాను. “ఆవిడ అబద్ధం ఆడగా నేను చూడలేదు.”

“ఈ బ్లాకులో అందరూ అదే మాట అంటున్నారు” అన్నాడు. మెచ్చుకున్నాడో అనుమానించాడో ఆ ముఖం చూస్తే తెలియలేదు. బూట్లు వేసుకుని, కారిడార్‌లో రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, స్పష్టమైన తెలుగులో “వస్తానండి” అన్నాడు. మరుక్షణం పొగలో కలిసిపోయాడు. అంతసేపూ మేమిద్దరం ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నాం.

సాయంత్రం ఆంటీ రాగానే పరిగెత్తాను. నోరు తెరవబోతుంటే అరచెయ్యి అడ్డం పెట్టారు.

“ఏటీ చెప్పకు గుంటా. రేపు నన్నెవరైనా అడగొచ్చు, ఆ పిల్ల నీకేమైనా చెప్పిందా అని. లేదు అనాలి నేను. ఆ ‘లేదు’ నిజం కావాల.” అని, అరటిపువ్వు కూర గిన్నె చేతిలో పెట్టి పంపేశారు.

మామ్మ ‘మాతా మాతా’ అనడం మొదలుపెట్టింది ఆ వారంలోనే. మొదట అమ్మవారిని తలుచుకుంటోందనుకున్నాను. ఆంటీ చెప్పాక తెలిసింది. మలయ్‌లో మాతా అంటే కన్ను. కళ్ళూ కళ్ళూ అని పాతకాలంలో పోలీసువాణ్ణి అనేవారట. మామ్మ లెక్క ప్రకారం మాతా మాతా వాడొకడు రోజూ మధ్యాహ్నం వచ్చి హాల్లో బెత్తం కుర్చీలో కూర్చుంటున్నాడు.

“ఏటీ ముట్టుకోడు. కూకుని ఇంటాడంతే” అనేది. ఒకరోజు నేను పక్కన ఉండగానే ఖాళీ కుర్చీ వైపు తిరిగి, “మంచినీళ్ళు తాగుతావా నాయనా?” అని అడిగింది. జవాబు కోసం ఆగింది. తల ఊపింది. “ఒద్దంట” అని నాతో చెప్పింది. అప్పుడే ఆ కుర్చీ, ఎవరో లేచినప్పుడు చేసే చప్పుడు చేసింది.

ఆంటీతో చెప్పాను. “వేడికి బెత్తం సాగుతాది. అంతే” అన్నారు. అన్నారు గానీ, ఆ సాయంత్రం చెప్పులు విప్పకుండానే వెళ్ళి ఆ కుర్చీ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డారు. వెచ్చగా ఉందా చల్లగా ఉందా అని నేను అడగలేదు.

ఆ ఆదివారం పొద్దున్నే నన్ను క్వారీ చెరువు దగ్గరికి నడకకు పిలిచారు. పొగకు ఎవరూ బయటికి రావడం లేదు. నీళ్ళ అవతల నిలువు రాళ్ళు కనిపించీ కనిపించకుండా ఉన్నాయి. ఆంటీ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నడుస్తూ చెప్పారు.

“ఒక ఆఫీసువాళ్ళు నన్ను రమ్మంటన్నారు. పేరు అడక్కు. వాళ్ళు ఏదైనా చేసే ముందు, చట్టం ఒప్పుతాదా ఒప్పదా చెప్పాల. అక్కడున్న లాయర్లందరి మీదా పెద్ద.”

“మంచిదే కదా ఆంటీ?”

“పాతాయన దిగిపోతన్నాడు. మొన్న కలిశాను. మంచోడు. మాట మొదలెడతాడు, సగంలో ఆపీస్తాడు. ఇంట్లో పెళ్ళాంతో కూడా అంతేనంట. ఏది చెప్పొచ్చు, ఏది చెప్పకూడదని చూసుకుని చూసుకుని, మాట పూర్తి చెయ్యడమే మర్చిపోనాడు.” కాసేపు నీళ్ళ వైపు చూశారు. “నాకు భయం అది కాదులే. ఆ చెప్పుల సంగతి నీకు చెప్పలేదు కదా.”

అప్పుడు చెప్పారు. మలయాలో తెల్లవాళ్ళ పాలనలో, అడవిలో తుపాకులు పట్టినవాళ్ళని ఏరివేస్తున్న కాలం. ఆంటీ వాళ్ళ నాన్న రబ్బరు తోటలో కిరాణి, అంటే గుమాస్తా. ఒక పొద్దున్న చద్దన్నం తింటుండగా మాతా మాతాలు వచ్చారు. వాళ్ళ చేతిలో కాగితం మీద ఆయన పేరుంది. పేరొక్కటే ఉంది. ఎందుకని అడిగితే వాళ్ళకీ తెలియదన్నారు. చెయ్యి కడుక్కోనిచ్చారు గానీ చెప్పులు వేసుకోనివ్వలేదు. కొన్నాళ్ళకు జ్వరంతో పోయాడని కబురొచ్చింది. మనిషి రాలేదు. అప్పటినుంచీ ఏ ఇంట్లో ఉన్నా మామ్మ ఆ చెప్పులు గుమ్మం బయట పెట్టేది, వారం వారం నూనె రాసేది.

“ఇంటర్వ్యూలో అడిగారు, మీకేమైనా సందేహాలున్నాయా అని. మా నాన్న సంగతి మీకు తెలుసా అన్నాను. తెలుసన్నారు. నాకు తెలిసినదానికంటే ఎక్కువే తెలుసంట.”

“చెప్పమని అడగలేదా?”

“అడగలేదు. అది తెలుస్తాదని ఆశపడి ఉద్యోగం ఒప్పుకుంటే లంచం కాదేటి?”

అవతలి రాళ్ళ నుంచి ఏదో చప్పుడు వచ్చింది. దగ్గులాంటిదే. ఇద్దరం విన్నాం. ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు.

ఆ మధ్యాహ్నమే వాళ్ళమ్మను అడిగారు. నేను మామ్మకు జడ వేస్తున్నాను. ఆంటీ నేల మీద, మామ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నారు. అంత పెద్ద లాయరు చిన్నపిల్లలా బెరుకుగా కనిపించారు.

“అమ్మా, మాతా మాతాల ఆఫీసులో నన్ను పెద్ద లాయరుగా రమ్మంటన్నారు. నువ్వొద్దంటే ఎల్లను.”

మామ్మ ఎన్నాళ్ళుగానో నేను వినని తేట గొంతుతో అంది:

“మీ నాన్నని అట్టుకెల్లినప్పుడు, ఎందుకు అని అడిగినోలు ఆ గదిలో ఒక్కలు లేరు. నానడిగితే నవ్వినారు. నువ్వెల్లి అక్కడ కూకో. అడుగు. నీకు నవ్వరు.”

ఆంటీ తల వంచి ఆవిడ ఒళ్ళో పెట్టారు. మామ్మ ఆ తల నిమురుతూ, బెత్తం కుర్చీ వైపు చూసి, “ఆడు కూడా సరేనన్నాడు” అంది. ఆ మాటకు నా చేతిలో దువ్వెన ఆగిపోయింది.

ఆంటీ నియామకం ఎక్కడా ప్రకటించలేదు. ఒక సోమవారం కింద నల్ల కారు ఆగింది. బూడిదరంగు బట్టల్లో ఆంటీ బయల్దేరారు. మామ్మ నుదుట కుంకుమ పెడితే తుడుచుకోలేదు. అంతకుమించి ఏ సంబరమూ జరగలేదు.

మార్పులు మెల్లగా వచ్చాయి. లిఫ్టులో మాట్లాడటం మానేశారు. గుడిలో జనం లేని వేళకే వెళ్ళేవారు. మా ఇంట్లో ఎవరైనా పేరు పెట్టి ఒకరి కబుర్లు చెప్తుంటే చెవులు మూసుకుని, “వద్దు, వద్దు. నాకు తెలిస్తే నేను మర్చిపోలేను” అని నవ్వుతూ లేచిపోయేవారు. నేను మాత్రం ఆ నవ్వు చూసి నవ్వలేకపోయేదాన్ని. ఒకసారి కరివేపాకు కుండీకి నీళ్ళు పోస్తూ “నిన్న మీ...” అని ఆగిపోయారు. మిగతా మాట కోసం చూశాను. నీళ్ళు పోయడం అయ్యాక లోపలికి వెళ్ళిపోయారు. ఆ పాతాయన గుర్తొచ్చాడు.

నాకు ఉద్యోగం చూసుకోమని వెంటపడింది ఆవిడే. “ఆ సర్టిఫికెట్లు పెట్టెలో ఉంటే బూజు పడతాయి, నువ్వు కూడా” అనేవారు. ఇంటర్వ్యూలకి నాతో కూర్చుని ఇంగ్లీషు పలికించారు. ఒక బ్యాంకులో దొరికాక, మొదటి రోజు తన గొడుగు ఇచ్చి పంపారు. ఈ దేశంలో నా కాళ్ళ మీద నేను నిలబడ్డానంటే అది ఆవిడ పుణ్యం.

మామ్మ మంచాన పడినప్పుడు ఆంటీ సెలవు పెట్టారు. ఆరోజు శనివారం, నాకు ఆఫీసు లేదు. కారిడార్‌లో బట్టలు ఆరేస్తుంటే ఇద్దరు వచ్చారు. అందులో ఒకతను ఆ రోజు నాకు తెలుగులో వస్తానండి అన్న మనిషే. నన్ను ఎప్పుడూ చూడనట్టే చూశాడు. ఆంటీ ఇంటి బట్టల్లోనే బయటికి వచ్చి, తలుపు వెనక్కి దగ్గరగా వేసి, అతను ఇచ్చిన కాగితం వెలుతురులో నిలబడి చదివారు. వేలు ఒక్కొక్క వరసా దిగుతోంది. ఒకచోట ఆగింది. నేను లోపలికి వెళ్ళిపోవలసింది. తడి దుప్పటి చేతిలో పట్టుకుని కదలలేకపోయాను.

“ఎందుకు అన్నచోట ఖాళీగా ఉంది” అన్నారు ఆంటీ. “క్యానాట్ లా.” కుదరదని ఇక్కడివాళ్ళ ఇంగ్లీషులో అనే మాట.

“పైవాళ్ళు తొందరపడుతున్నారు మేడమ్.”

“తొందర కారణం కాదు.”

“మీరు ఒప్పుకోకపోతే ఇంకొకరిని అడుగుతారు.”

“అడగనీ. నేను ఒప్పుకోలేదని మాత్రం ఇందులో ఉండాలి. ఇదిగో, నీ ఎదురుగానే రాస్తున్నాను.”

గోడకు ఆనించి రాశారు. అతను కాగితం మడిచి లోపల పెట్టుకున్నాడు. ముఖంలో కోపం లేదు. పోతూ పోతూ గుమ్మం దగ్గర చెప్పుల వైపు ఒక్కసారి చూశాడు. వాళ్ళు వెళ్ళేదాకా నిటారుగా నిలబడ్డ ఆంటీ, లిఫ్టు తలుపులు మూసుకోగానే గోడ పట్టుకున్నారు. నేను వెళ్ళి భుజం పట్టుకున్నాను.

లోపలి నుంచి మామ్మ గొంతు వినిపించింది. ఆ గదికి రెండు తలుపులు అడ్డం. బయట మాటలు ఇంగ్లీషులో జరిగాయి, మామ్మకు ఇంగ్లీషు రాదు.

“ఒలే, ఆయన్ని ఒదిలేసినారా?”

ఆంటీ నా వైపు చూశారు. నేను ఆంటీ వైపు చూశాను. “ఒదిలేసినారమ్మా” అన్నారు ఆంటీ.

ఆరోజు మామ్మ లేచి కూర్చుని గంజి తాగింది. మధ్యాహ్నం నిద్రపోయి లేచి, “ఎలిపోనాడు. చెప్పులేసుకుని ఎలిపోనాడు” అంది. ఎవరని అడిగితే నవ్వింది. సాయంత్రం దీపం వేళకు ఆంటీ తలుపు తీసి, అలాగే నిలబడిపోయారు. పిలిస్తే వెళ్ళాను. గుమ్మం బయట చెప్పులు లేవు. చాలాకాలం ఒకేచోట ఉండడం వల్ల నేల మీద రెండు లేత ముద్రలు మాత్రం ఉన్నాయి.

ఊడ్చేవాళ్ళని అడిగాం. తీయలేదన్నారు. అంతస్తులో అందరినీ అడిగాం. ఆ వచ్చినవాళ్ళు వెళ్ళాక కూడా అవి అక్కడే ఉండటం నేను చూశాను. ఎవరు తీశారో ఈనాటికీ తెలియదు.

“సాక్ష్యం లేదు గుంటా” అన్నారు ఆంటీ. “కాబట్టి నేనేటీ అనను.” కళ్ళు మాత్రం ధారగా కారుతున్నాయి.

మామ్మ ఆ వారంలోనే కన్నుమూసింది. కర్మకాండ అయ్యాక ఆంటీ ఆఫీసుకు బయల్దేరితే కింద కారు లేదు. ఆ రోజే కాదు, చాలా నెలలు రాలేదు. బస్సులో వెళ్ళేవారు. “గదిలో కూకుంటాను. ఎవరూ ఏదీ తేరు. తలుపు తీసే ఉంచుతాను” అనేవారు. రాజీనామా చేయవచ్చు కదా అన్నాను. “అమ్మ ఏటి చెప్పింది? ఎల్లి కూకోమంది. లేచి రమ్మనలేదు కదా” అన్నారు. వానాకాలం దాటాక ఒక పొద్దున్న కింద కారు ఆగింది. ఆంటీ బాల్కనీలోంచి చూసి, తొందరేమీ లేనట్టు కాఫీ పూర్తిగా తాగి దిగి వెళ్ళారు. రిటైరయ్యేదాకా ఆ కుర్చీలోనే ఉన్నారు.

చాలా రోజులకు ధైర్యం చేసి అడిగాను. “ఆ కాగితంలో పేరున్నాయన ఏమయ్యాడు ఆంటీ?”

“రోజూ లాగే పనికెళ్తాడు, రోజూ లాగే ఇంటికొస్తాడు. తనకేటీ తెలీదు. తెలీకపోవడమే కావాల.”

“మన బ్లాకులోనా?”

ఆంటీ లేచి కరివేపాకు కుండీకి నీళ్ళు పోయసాగారు. మర్నాడు లిఫ్టులో నాతో ఉన్నవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటీ చూశాను. చేపల మార్కెట్‌లో పనిచేసే తాత, టై కట్టుకున్న తమిళాయన, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకున్న అమ్మాయి, మా ఆయన. లిఫ్టు అద్దంలో నేను. ఎవరికీ ఏమీ తెలియదు. అందరం కిందికి దిగి ఎవరి దారిన వాళ్ళం వెళ్ళాం. ఇప్పటికీ జనం ఉన్న లిఫ్టులో నాకు ఆ ఉదయం గుర్తొస్తుంది.

నేను బ్యాంకులో ప్రోగ్రాములు రాస్తాను. ఎవరి ఖాతానైనా తెరిచి చూడాలంటే అనుమతి ఇచ్చే స్క్రీన్ ఒకటి నా చేతికి వచ్చింది. కారణం రాయకుండా ముందుకు వెళ్ళడానికి వీల్లేకుండా చేశాను. పని నెమ్మదిస్తుందని మేనేజరు విసుక్కున్నాడు. నెమ్మదించనీ అన్నాను. ఆ గొంతు నాది కాదని నాకే అనిపించింది.

రిటైరయ్యాక ఆంటీ మాటలు సగంలో ఆగిపోవడం ఇంకా ఎక్కువైంది. నేను అలవాటు పడ్డాను. ఆగిన చోట నేనూ ఆగి, టీ పోసేదాన్ని. ఒకరోజు మాత్రం ఒక సంగతి చివరిదాకా చెప్పారు.

“దిగిపోయిన రోజు మా నాన్న సంగతి అడిగాను. ఇంక లంచం కాదు కదా.”

నేను కప్పు కింద పెట్టాను. “చెప్పారా?”

“ఇప్పుడు మీకు ఆ అనుమతి లేదు మేడమ్ అన్నారు.” ఆంటీ పకపకా నవ్వారు. “సరైన జవాబే గుంటా. ఆ నియమం రాసింది నేనే.”

అంత బాగా నవ్వగా ఆవిడను నేను చూడటం అదే ఆఖరు.

బుధవారం మధ్యాహ్నం మండాయ్ శ్మశానంలో దహనం. సన్నగా వాన. ఈపో చెల్లెలు, వాళ్ళ పిల్లలు, పాత బ్లాకు వాళ్ళం ముందు వరసల్లో ఉన్నాం. చివరి వరస కూడా నిండి ఉంది. ఆ వరసలోని వాళ్ళు ఒక్కొక్కరుగా వచ్చారు. ఎవరూ ఎవరినీ పలకరించుకోలేదు. చైనీస్, మలయ్, మనవాళ్ళూ ఉన్నారు, వయసు మళ్ళినవాళ్ళు ఎక్కువ. చెల్లెలు నా చెవిలో, “ఈలందరూ ఎవులమ్మా?” అని అడిగారు. అనుకున్నది చెప్పకూడదు కదా, తెలియదన్నాను. శవపేటిక కదలగానే, ఎవరూ సైగ చేయకుండానే, ఆ వరస అంతా ఒకేసారి లేచి నిలబడింది. కుర్చీ చప్పుడైనా కాలేదు.

నేను బయటికి వచ్చేసరికి వాళ్ళు అప్పటికే వెళ్ళిపోతున్నారు. గొడుగుల కింద, దూరదూరంగా, ముక్కూమొహం తెలియని వాళ్ళలా నడుస్తున్నారు. గేటు దగ్గర దారి మలుపు తిరుగుతుంది. ఆ మలుపు దగ్గరికి వచ్చాక మొదటి మనిషి ఆగి, వెనక్కి తిరిగి, పొగగొట్టం వైపు చూసి, తల కాస్త వంచి వెళ్ళిపోయాడు. రెండో మనిషి అదేచోట ఆగింది, అలాగే చూసింది. తర్వాత మూడో మనిషి. వానలో ఆ దారి ఖాళీ అయ్యేదాకా నిలబడి చూశాను.